నలభై రెండో పేరు

బడ్జెట్ విభాగం,
మార్చి 14, గురువారం

మన ఇంటి పిడుగుకి,

అన్నయ్య దీవెనలు. నేనిక్కడ క్షేమం, మీరందరూ అక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి కనుక పెట్టాను. బావగారి నడుము ఎలా ఉంది? డాక్టరిచ్చిన బెల్టు కట్టుకోమను. దాన్ని పరుపు కింద దాస్తే పరుపు నడుము బాగుపడుతుంది గానీ ఆయనది కాదు. పెద్దది పరీక్షలకు చదువుతోందా, చదువుతున్నట్టు నటిస్తోందా?

కొత్త రాష్ట్రం వచ్చి తొమ్మిది నెలలైంది. పుట్టిన బిడ్డయినా ఈపాటికి కూర్చోవడం నేర్చుకుంటుంది, మేమింకా కుర్చీలు వెతుక్కుంటున్నాం. మాకిచ్చిన భవనం ఒకప్పుడు ఆడపిల్లల హాస్టలు. బడ్జెట్ విభాగం వాళ్ల భోజనాల గదిలో ఉంది. నా బల్ల చేతులు కడుక్కునే కుళాయిల పక్కన. అందులో ఒకటి ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. మన ఖజానాకి ఇది సొంత అక్క సార్ అంటాడు మా అటెండరు.

ఫైళ్ల పంపకం అన్నదమ్ముల పంపకంలాగే జరిగింది. గిన్నెలు మాకు, మూతలు వాళ్లకు. జీతాల పట్టీలు ఇటొచ్చాయి, ఆ పోస్టుల మంజూరు ఉత్తర్వులు అటెళ్లాయి. ఎవరికివ్వాలో తెలుసు, ఎందుకివ్వాలో చూపించడానికి కాగితం లేదు. మొన్న మంత్రిగారు వచ్చి, జీతాలూ పింఛన్లూ పోను రోడ్లకెంత మిగుల్తుందయ్యా అని అడిగారు. మిగలదండీ, తగ్గుతుందండీ అన్నాను. ఆయన కాసేపు నన్నూ కాసేపు కుళాయినీ చూసి వెళ్లిపోయారు.

బడ్జెట్ సభలో పెట్టేదాకా సెలవుల్లేవు. పడక మేడ మీద పందొమ్మిదో నంబరు గదిలో. దిగితే బల్ల, ఎక్కితే మంచం. పదకొండు రోజులుగా గేటు దాటలేదు. నన్ను పాత పోస్టుకి పంపేయండి మహాప్రభో అని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. ప్రస్తుతం వీలుపడదు అని మూడుసార్లూ తిరిగొచ్చింది. కిటికీలకు ఊచలున్నాయి. ఆడపిల్లల కోసం వేయించినవి కదా, గట్టివే. వాటిని పట్టుకుని నిలబడి రోడ్డు మీద ఆటోలు లెక్కపెడుతున్నానంటే నవ్వకు.

ఇక నీ సంగతి. దీని కోసమే ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను.

పోయిన నెల నువ్వొచ్చి పొద్దుటి నుంచీ గేటు దగ్గర కూర్చుని, మీ ఆసుపత్రిలో కాంట్రాక్టు నర్సుల జాబితా నా చేతిలో పెట్టావు. మీ మంజూరు ఉత్తర్వు కూడా అవతలికే పోయింది. కొత్త బడ్జెట్‌లో మీ కొనసాగింపు ఎక్కకపోతే ముప్పై ఒకటో తేదీతో నలభై ఇద్దరూ ఇంటికే. ఆరోగ్యశాఖ పద్దు చూసేది నేనే కనుక ప్రతిపాదన రాశాను. ఇప్పుడే ఒక్కో నర్సు ముప్పైమంది రోగుల్ని చూస్తోంది, ఒక్కరు తగ్గినా వార్డు నడవదు అని నీ మాటలే దించాను. కానీ అడిగేవాడొకడు, ఇచ్చేవాడొకడు. నేను రాసింది ఎదురు బల్లకి, ఆర్థికశాఖ పరిశీలన అధికారికి వెళ్లాలి.

ఆ మహానుభావుడి గురించి ఏం చెప్పను! వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. మంజూరు ఉత్తర్వు ఏదీ అని మొదటి కొర్రీ. అవతలి రాష్ట్రంలో ఉందని రాశాను. మరి తొమ్మిదేళ్లు దేన్ని చూసి జీతాలిచ్చారని రెండోది. నర్సుల్ని చూసి అని రాద్దామనుకుని, పాత పట్టీలు జతచేశాను. ఖర్చు తగ్గించే మార్గం చూడవలెను అని మూడోది. చివరికి నిన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఒక పోస్టు తగ్గించాడు.

గుండె చిక్కబట్టుకుని చదువమ్మా. నలభై ఒక్కమందికి కొనసాగింపు వచ్చింది. జాబితాలో కింది నుంచి ఒక పేరు కొట్టేశారు. ఆ చివరి పేరు నీది.

జాబితా రాసింది నువ్వే. రాసేదాన్ని కదా, ముందు అందరివీ రాసి ఆఖర్న నాది రాసుకున్నాను అన్నావు. నాకు గుర్తుంది. నిన్న సాయంత్రమంతా వాడితో పోట్లాడాను. కదల్లేదు. బడ్జెట్ పుస్తకం ఈ ఉదయం అచ్చుకి వెళ్లిపోయింది, ఇక ఎవరూ మార్చలేరు.

బావగారు మంచం దిగలేని ఈ రోజుల్లో మీ ఇంటికి నీ జీతం ఒక్కటే ఆధారమని నాకు తెలియదా? ఒకటో తేదీ నుంచి నా జీతంలో సగం నీకు పంపుతాను. వద్దనకు, పంతాలకు పోకు. ఆ ఎదురు బల్లవాణ్ని మాత్రం నోరారా తిట్టుకో. నేనేమీ అనుకోను.

బావగారికి నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ మేలు కోరేవాణ్నని అనుకునే
అన్నయ్య

తా.క. కవరు అంటించి అటెండరు చేతికిచ్చాను. వెంటనే వెనక్కి పిలిచి, తీసుకుని, కవరు చించి ఇది రాస్తున్నాను.

ఎదురు బల్ల దగ్గర ఎవరూ లేరు. అక్కడికి వేసిన అధికారి ఈ తొమ్మిది నెలల్లో రాలేదు. ఆ కుర్చీ అదనపు బాధ్యత కూడా నాదే. పొద్దున ఇటు కూర్చుని అడుగుతాను, భోజనమయ్యాక అటు వెళ్లి కూర్చుని కొర్రీ వేస్తాను. మర్నాడు ఇటొచ్చి దానికి జవాబు రాస్తాను. ఇక్కడ సగంమంది పని ఇలాగే నడుస్తోంది, ఎవరూ వింతగా కూడా చూడరు.

నీ పేరున్న ఫైలు మీద నేను సంతకం చేయకూడదు. చెల్లెలికి వీడే అడిగి వీడే ఇచ్చుకున్నాడని రేపు ఆడిట్‌వాళ్లు పట్టుకుంటే నలభై ఇద్దరికీ ఆగిపోతుంది. చేయకుండా కూర్చుంటే ముప్పై ఒకటితో ఎలాగూ అందరూ పోతారు. ఇదంతా నిజమే. కానీ కార్యదర్శిగారి గది ఇదే వరండా చివర ఉంది. సార్, ఇందులో మా చెల్లెలుంది, ఈ ఒక్క ఫైలూ మీరు చూడండి అని అడగొచ్చు. తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాను. చెల్లెలి కోసం వచ్చాడనుకుంటారని సిగ్గేసింది. భయమేసింది. నీ ఉద్యోగం కన్నా నా మంచిపేరు నాకు ఎక్కువైంది. ఒక పోస్టు తగ్గించమని నన్నెవరూ అడగలేదు.

ఆ ఉత్తరం అలాగే వెళ్లుంటే, ఆఖర్న రాసుకున్న మర్యాదే నిన్ను ముంచిందని బతికినంతకాలం అనుకునేదానివి. అది మాత్రం అనుకోకు. కింది నుంచి కొట్టారన్నది అబద్ధం. నువ్వు మొదటి పేరుగా రాసుకున్నా, నేను నీ పేరే కొట్టేసేవాణ్ని.