ఏ ఆదివారమో చెప్పలేదు

ఫ్లోరిడా రాష్ట్రం, పినెల్లస్ కౌంటీ కాపురస్తురాలు వెర్నా టిలరీ అనే నేను, డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా రాసుకుంటున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవి రెండున్నాయి. రెండింటిలోనూ నా సమస్త ఆస్తీ సంస్థకే రాసిచ్చాను. ఆ రెండూ ఈ క్షణం నుంచి రద్దు.

నా బుద్ధి స్థిరంగా ఉందా లేదా అన్నదాని మీద ఈ ఊళ్ళో రెండు అభిప్రాయాలున్నాయి. పదకొండేళ్ళ కిందట సంస్థ నాకు ‘చెరుపు మనిషి’ అని ముద్ర వేసింది. నాతో మాట్లాడినవాళ్ళకు కూడా అదే గతి అని కాగితం అచ్చేసి గోడకు అంటించింది. ఒక మానసిక వైద్యురాలేమో నా బుద్ధి నిక్షేపంగా ఉందని సంతకం పెట్టి ఇచ్చింది. సంస్థవాళ్ళకు దెయ్యాలంటే భయం లేదు గానీ మానసిక వైద్యులంటే ఒళ్ళు మంట. అందుకే పనిగట్టుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళాను. ఇంత సంతోషంగా నేను ఏ డాక్టరుకూ ఫీజు కట్టలేదు.

సంస్థ అంటే ఏ సంస్థ అని ఈ ఊళ్ళో ఎవరూ అడగరు. పేరు రాయొద్దని మా లాయరు మిస్ ప్రూయిట్ బతిమాలింది. “మీరు పోయాక కూడా కేసు వేస్తారండీ. మీరు హాయిగా పోతారు, కోర్టు చుట్టూ తిరిగేది నేను” అంది. పిల్లలు గలది, సరేనన్నాను.

ఈ కాగితం అంతా నా కూతురు డెల్ఫీన్ కోసం. ఆమె ఎప్పుడో ఒకప్పుడు ఆ సంస్థ నుంచి బయటికి వస్తే, నిలబడడానికి ఒక గుమ్మం ఉండాలి. మిగతావాళ్ళు దారిలో తగిలారు కాబట్టి రాస్తున్నాను.

1. పక్కింటి డెస్పినా కూరస్‌ను ఈ వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటరుగా నియమిస్తున్నాను. గ్రీకు మనిషి. వాళ్ళాయన సముద్రంలో మునిగి స్పాంజీలు తీసేవాడు. చర్చి పెళ్ళివిందులకు తప్ప ఆమె ఎందులోనూ చేరతానని పేరు ఇవ్వలేదు. నన్ను వెలివేసిన రోజు సాయంత్రం తేనె బూరెల పళ్ళెంతో కంచె దగ్గరికి వచ్చి, “మీవాళ్ళెవరూ నీతో మాట్లాడరంట గదా. ఫరవాలేదులే, నేను మాట్లాడతాను. మా ఇంట్లో వినేవాళ్ళు లేక చస్తున్నా” అంది. అప్పటి నుంచి నా చెవులకు తీరిక లేదు. నా రాగి కాఫీ గిన్నె ఆమెకు. దాని మీద ఆమె కన్ను ఎప్పటి నుంచో ఉంది.

2. నా అంత్యక్రియల్లో సంస్థ తరఫున ఎవరూ నోరు విప్పకూడదు. వాళ్ళ లెక్కలో మనిషి చావడు, ఒళ్ళు వదిలేసి ఇంకో పసికందుగా పుడతాడు. అంటే నేను పోయిన వెంటనే ఎక్కడో ఒక ఆడపిల్ల ఉయ్యాలలోనే చెరుపు మనిషి అయి కూర్చుంటుంది. ఆ పిల్లకు ముందుగానే నా సానుభూతి తెలియజేస్తున్నాను. పత్రికలో వేసే మరణవార్తలో నా భర్త పేరు, కూతురి పేరు, నా స్నేహితురాలు నదీన్ పేరు తప్పకుండా ఉండాలి. నేను వాళ్ళతో తెగతెంపులు చేసుకోలేదు.

3. నా మాజీ భర్త గార్లండ్ టిలరీకి, గరాజులో ఉన్న అల్యూమినియం నిచ్చెన.

ఆయనకు మెట్లంటే ఇష్టం. సంస్థలో ఒక్కో మెట్టుకూ ఒక్కో రహస్యం. పైమెట్టు రహస్యం కిందిమెట్టువాళ్ళకు చెబితే వినేవాళ్ళకు జబ్బు చేస్తుందని నమ్మకం, పెళ్ళానికైనా సరే చెప్పకూడదు. ఆరో మెట్టు ఎక్కి వచ్చిన రోజు ఆయన పొద్దున కాఫీ ముందు కూర్చుని నన్ను చూసి జాలిగా నవ్వాడు. విశ్వం గుట్టంతా తెలిశాక కూడా వచ్చేటప్పుడు పాలు తేవడం మర్చిపోయేవాడు. నన్ను వెలివేశాక, విడాకులు ఇస్తేనే ఏడో మెట్టు అన్నారు. సూట్‌కేసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, “నీ మూలంగా నేను ఎంత వెనకబడ్డానో తెలుసా వెర్నా” అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురానికి ఆయన ఇచ్చిన వీడ్కోలు అదే. నిచ్చెన ఎడమ కాలు కాస్త ఊగుతుంది, చూసుకుని ఎక్కమనండి.

4. నా స్నేహితురాలు నదీన్ ఆస్‌గుడ్‌కు, నన్ను వెలివేసేదాకా నేను పనిచేసే పళ్ళ డాక్టరు అమరాల్ క్లినిక్ నుంచి తెచ్చి ఇస్తూ వచ్చిన చేతుల లేపనం. నా ఎస్టేటు, అంటే నేను వదిలిన ఆస్తి నుంచి ఏటా చలికాలానికి సరిపడా పంపాలి. ఆమె చేతులు చలికి పగిలి నెత్తురు కారతాయి. వెలివేశాక ఎవరు తెచ్చిపెడుతున్నారో నాకు తెలియదు.

కాన్పు గదిలో తల్లి నోరు విప్పకూడదని సంస్థ నియమం. ఆ సమయంలో బిడ్డ చెవిన నొప్పి మాట పడితే అది జన్మంతా పట్టుకుని ఉంటుందట. డెల్ఫీన్‌ను నేను కిక్కురుమనకుండా కన్నాను. అరుపు తన్నుకొస్తుంటే నదీన్ తన చెయ్యి నా నోటికి అందించింది. కొరికాను. బొటనవేలి కింద ఆ మచ్చ ఇప్పటికీ ఉంటుంది.

ఆ చేత్తోనే నా మీద సంస్థకు ఫిర్యాదు చీటీ రాసింది. నాకంటే ముందు వెలిపడ్డ మా అన్న కోయ్, ఒకాలా అనే ఊళ్ళో చావుబతుకుల్లో ఉంటే, నేను చాటుగా వెళ్ళి వారం రోజులు గంజి పట్టి వచ్చాను. ఆ సంగతి నా వంటింట్లో నదీన్‌కు ఒక్కదానికే చెప్పాను. విచారణ గదిలో తలెత్తకుండా ఆమె అన్న మాట ఇది: “తెలిసీ చెప్పకపోతే నాకూ అదే శిక్ష కదే. నా పిల్లలతో నన్ను మాట్లాడనిస్తారా?” ఇప్పుడు వీధిలో నేను ఎదురైతే ఎండలోనైనా సరే అవతలి వైపుకు దాటి పోతుంది. నదీన్, నిన్ను క్షమించాలని చాలాసార్లు అనుకున్నాను. కుదరలేదు. లేపనం మాత్రం పడుకునే ముందు రాసుకో.

5. సంస్థకు ఏమీ లేదు. నా పాపాలన్నీ వాళ్ళ దగ్గరే అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఏళ్ళ తరబడి తలుపులు మూసి, ఇంకా ఏం దాచావు, ఇంకా ఏం దాచావు అని తవ్వి తవ్వి రాసుకున్నారు. చెప్పడానికి పాపాలు అయిపోయిన రోజు ఇంటికి పంపుతారని కొన్ని కల్పించి కూడా చెప్పాను. మంచి రసవత్తరమైనవన్నీ ఆ కల్పించినవే. ఆ పెట్టెలు వాళ్ళే ఉంచుకోవచ్చు.

6. ఇక డెల్ఫీన్.

పదహారేళ్ళకే వెయ్యి జన్మలు సేవ చేస్తానని ఒప్పందం మీద సంతకం పెట్టి లోపలికి వెళ్ళింది. ఈ ఇంటి అప్పు తీర్చడానికి బ్యాంకు నాకు ఇచ్చింది ముప్పై ఏళ్ళు, అదే ఎక్కువ అనిపించింది. ఇప్పుడు ఆమెకు ముప్పై ఎనిమిది. బ్యాంకు ఖాతా లేదు, బడి సర్టిఫికెట్ లేదు, తన పేరున ఒక కుర్చీ కూడా లేదు.

మూడేళ్ళ కిందటి మాట. వెలిపడ్డవాళ్ళు కనిపిస్తే సంస్థవాళ్ళు అక్కడి నుంచి తప్పుకోవాలి. ఇది తెలుసు కాబట్టి నేను సూపర్ మార్కెట్లో రొట్టెల అరల మధ్య పనేమీ లేకపోయినా నిలబడేదాన్ని. నీలం యూనిఫారాలు నన్ను చూసి రొట్టె తీసుకోకుండానే వెనక్కి తిరిగేవి. ముసలితనంలో ఇంత చౌక వినోదం ఇంకోటి దొరకదు. ఆ రోజు అలా వెనక్కి తిరిగిన వాళ్ళలో నా కూతురు ఉంది. వాళ్ళను ఒంటరిగా బయటికి పంపరు, పక్కన ఇంకో ఆడమనిషి ఉంది. డెల్ఫీన్ కుడి బుగ్గ వాచి ఉంది. ఇరవై ఏళ్ళు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసినదాన్ని, అది నిన్నటి వాపు కాదని చూడగానే తెలిసింది.

ఒక రొట్టె తీసుకుని డబ్బు కట్టడానికి వెళ్తే, నా ముందు వాళ్ళిద్దరే ఉన్నారు. సామాను అప్పటికే బల్ల మీద పెట్టేశారు, కదలడానికి లేదు. ఆ తోడు మనిషి నాకు వీపు చూపించి నిలబడింది. డెల్ఫీన్ నా వైపు చూడలేదు. క్యాషియర్ ముఖంలోకి చూస్తూ, ఉండాల్సినదానికంటే కాస్త గట్టిగా అడిగింది.

“ఆదివారం షాపు ఎన్నింటికి తెరుస్తారండీ?”

ఏడింటికి అని క్యాషియర్ చెప్పింది. తోడు మనిషి వెంటనే, “ఆదివారం మనకు సెలవెక్కడిది? నీకెందుకదంతా?” అంది. ఊరికే అడిగానంది డెల్ఫీన్.

నాతో మాట్లాడితే తప్పు గానీ క్యాషియర్‌తో మాట్లాడితే తప్పు కాదు. నేను బదులు పలికితే మాత్రం ఆమె నాతో మాట్లాడినట్టే లెక్క. అందుకే మాట్లాడలేదు. ఆమెను కన్న రోజు మూసుకున్నట్టే నోరు మూసుకున్నాను. ఈసారి కొరకడానికి నదీన్ చెయ్యి లేదు, చేతిలో రొట్టె మెత్తగా నలిగిపోయింది.

ఆ ఆదివారం ఏడు కాకముందే వెళ్ళాను. రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. వేరే రాష్ట్రానికి పంపేశారని ఒకరన్నారు, ఇక్కడే వంటశాలలో ఉందని ఇంకొకరన్నారు. నిజంగా ఊరికే అడిగిందేమో కూడా. కానీ అడిగింది నేను వింటుండగా. ఏ ఆదివారమో చెప్పలేదు కాబట్టి నేను ఏ ఆదివారమూ మానలేదు. తుఫానుకు షాపు మూసేసిన రోజు కూడా కారులో కూర్చుని చూసి వచ్చాను.

7. నా ఇల్లు, సామాను, బ్యాంకులో ఉన్నది అంతా మిస్ ప్రూయిట్ అధీనంలో ట్రస్టుగా ఉండాలి. డెల్ఫీన్ బయటికి వచ్చి ఈ గుమ్మంలో నిలబడిన రోజున ఇంట్లో ఉండే హక్కు ఆమెది, జీవితాంతం. లోపల ఉన్నంత కాలం ఒక్క పెంకు కూడా ఆమెది కాదు. లోపల ఉండి ఇల్లు కావాలని ఆమె కబురు చేస్తే, అడుగుతున్నది ఆమె కాదని మిస్ ప్రూయిట్ గ్రహించాలి. డెల్ఫీన్ ఎప్పటికీ రాకపోతే, అక్కడి నుంచి బయటపడి తలదాచుకునే చోటు లేనివాళ్ళు ఎవరొచ్చినా ఇల్లు వాళ్ళకు తెరవాలి. గార్లండ్ వచ్చినా సరే. ఆయనకు వెనక గది చాలు.

8. డెల్ఫీన్ పళ్ళ వైద్యానికి అయ్యే ఖర్చు మొత్తం డాక్టరు అమరాల్‌కు చెల్లించాలి. కుడి వైపు కింది దవడ ముందు చూడమని ఆయనకు చెప్పి ఉంచాను. ఆమెను నొప్పి ఉంటే అరవమనండి.

9. ఆమె వచ్చాక ఎవరూ ఏమీ అడగకూడదు. ఎందుకు వచ్చావు, ఇన్నాళ్ళూ ఏం చేశావు, ఎవరెవరు ఏమన్నారు, ఇలాంటివి ఈ ఇంట్లో నిషిద్ధం. పుట్టినప్పటి నుంచీ ఆమెను అడుగుతూనే ఉన్నారు. ఆకలిగా ఉందా అని డెస్పినా అడగవచ్చు. అది కూడా ఒక్కసారే.

10. నేను పోయిన తరువాత వచ్చే మొదటి ఆదివారం నుంచి, డెస్పినా ప్రతి ఆదివారం ఉదయం ఏడింటికి ఆ షాపుకు వెళ్ళి రొట్టెల దగ్గర నిలబడాలి. ఒక రొట్టె కొనాలి, ఖర్చు ఎస్టేటుది. నా ఆకుపచ్చ స్వెటర్ వేసుకోవాలి, డెల్ఫీన్‌కు అది తెలుసు. డెస్పినాకు అది బిగుతవుతుంది, బొత్తాలు పెట్టుకోకపోయినా ఫరవాలేదు. ఈ షరతు చదివి వినిపిస్తే ఆమె, “నాకెలాగూ రొట్టె కావాలి కదా. చర్చికి ఆలస్యమైతే అవనీ, దేవుడు ఎక్కడికీ పోడు” అంది. ఆమె ఓపిక పట్టలేకపోయిన నాడు మిస్ ప్రూయిట్ జీతమిచ్చి ఇంకొకరిని పెట్టాలి. ఒక్క ఆదివారం కూడా తప్పకూడదు.

నా గుండె ఇక ఎక్కువ నెలలు పనిచేయదని గుండె డాక్టరు చెప్పింది. ఈ రోజు శనివారం, రేపటికి మాత్రం డెస్పినా అవసరం లేదు. నేనే వెళ్తాను.

2019 మార్చి 9, శనివారం, నా వంటింటి బల్ల దగ్గర, నా చేతి సంతకం:

వెర్నా టిలరీ

పైన సంతకం చేసిన వెర్నా టిలరీ మా ఇద్దరి ఎదుట తానుగా చదివి, తానుగా సంతకం చేసింది. ఆమె ఎదుట, ఒకరి ఎదుట ఒకరం మేమూ సాక్షి సంతకాలు చేశాం.

సాక్షి: ఫీలిక్స్ అమరాల్, దంతవైద్యుడు

సాక్షి: ఒడెట్ బాప్టిస్ట్, సూపర్ మార్కెట్ క్యాషియర్. ఆరో అంశంలోని ప్రశ్న నన్నే అడిగారు, విన్నాను. మేము ఇప్పటికీ ఆదివారం ఏడింటికే తెరుస్తున్నాం.