బావగారి నూటికి నూరు

బావగారికి,

జనంలో శాస్త్రీయ దృష్టి ఎంతుందో కొలిచే మా సర్వేలో మీకు నూటికి నూరు వచ్చాయి. పక్కింటాయనకి ఏదో పొడితో జబ్బు తగ్గిందంటే మీరు నమ్ముతారా అని అడిగాను. "ఒక్కడికి తగ్గితే రుజువైపోతుందా అమ్మాయ్? వందమందికి ఇచ్చి చూడొద్దూ?" అన్నారు. మా బావ అని మురిసిపోయాను.

తర్వాత మంచినీళ్లకి వంటింట్లోకి వెళ్లాను. అక్క ఫిట్స్‌కి డాక్టరు రాసిన మాత్రలు అలమరలో విప్పకుండానే ఉన్నాయి. పక్కన పొడి సీసా. "మీ బావ స్నేహితుడి భార్యకి దీంతోనే తగ్గిందటే" అంది అక్క.

వంటింటి అలమర గురించి మా సర్వేలో ప్రశ్న లేదు. మీ మార్కులు తగ్గించే అధికారమూ నాకు లేదు. మాత్రలు ఇవాళే మొదలుపెట్టించండి. ఆదివారం వస్తాను, ప్రశ్నలేమీ అడగను. తిన్నగా వంటింట్లోకే వెళ్తాను.

మీ మరదలు