గడియ మాను విరిగిన రోజు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అత్తయ్యా నేనూ క్షేమం. ముందు ఈ మాట నమ్మండి, తర్వాత మిగతాది చదవండి. ఆ ఊరి కోటలో మీ వడ్రంగం పని ఎంతవరకు వచ్చింది? వేళకు తింటున్నారా?

మీరడిగిన మన కోట ఇంటి పైగది గోడ పగులు పెరగలేదు. బాణాలు వేసే సన్నకిటికీల్లో పావురాలు మళ్లీ గూళ్లు పెట్టాయి. చూడవచ్చిన బడిపిల్లలకు మీరు చెప్పేదే చెప్పాను. ఇలాంటి కోట ఇళ్లు ఇంకా ఉన్నాయి గానీ, కట్టిన నాటి తలుపూ, దానికి లోపల అడ్డంగా వేసే గడియ మానూ నిలిచింది ఇక్కడే, అందుకే దీన్ని రక్షిత కట్టడం చేసి నన్ను కాపలా పెట్టారు అని.

అత్తయ్య సంగతి ఇక దాచలేను. మంగళవారం నేను బజారుకు వెళ్లినప్పుడు ఆవిడ లోపల గడియ వేసుకుని, మెట్ల దగ్గర జారిపడ్డారు. నేను తిరిగొచ్చేసరికి సన్నకిటికీలోంచి మూలుగు వినిపించింది. అందులో పిల్లి కూడా దూరదు. అగ్నిమాపక వాళ్లను పిలిచాను.

వాళ్ల అధికారి తలుపు చూసి వెనక్కి తగ్గాడు. “అమ్మా, దీనిమీద గీత పడ్డా నేరమే. పురావస్తు ఆఫీసువాళ్లు ఒప్పుకోవాలి.”

ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంతలో లోపల మూలుగు ఆగిపోయింది.

“కొట్టండి. ఏమొచ్చినా పూచీ నాది,” అన్నాను.

గొడ్డలి మొండిబారింది గానీ ఆ చెక్క ఒక పట్టాన లొంగలేదు. ఏటా మీరు నూనె పట్టించి, కన్నబిడ్డలా చూసుకున్న తలుపు. చివరికి గడియ మాను రెండు ముక్కలైంది. చెప్పి కొట్టించింది నేనేనండీ.

అత్తయ్య స్పృహ తప్పి ఉన్నారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. నిన్న ఆస్పత్రి పాలు ఒట్టి నీళ్లని నర్సుతో గొడవ కూడా పెట్టుకున్నారు.

ఆఫీసు మేడమ్ వచ్చి, విరిగిన చెక్కను తడిమి చూశారు.

“మిమ్మల్ని తప్పుపట్టను. కానీ పైకి రాయక తప్పదు. మీ ఉద్యోగం ఉంటుందో లేదో నా చేతిలో లేదు,” అన్నారు.

పేళ్లన్నీ ఏరి దుప్పట్లో మూటకట్టాను. తలుపున్న చోట రేకు అడ్డం పెట్టారు. గాలికి అది కదిలితే చాలు, ఉలిక్కిపడుతున్నాను.

ఇది అత్తయ్య మంచం పక్కన కూర్చునే రాస్తున్నాను. “వాడికి నా కాలి సంగతి రాయి. తలుపు సంగతి మాత్రం రాయకు. తట్టుకోలేడు,” అంటున్నారు.

ఆవిడ మాట మీరాను. తిట్టాలనిపిస్తే వచ్చి తిట్టండి, ఉత్తరంలో వద్దు.

ఇట్లు,
మీ ఇంటిది