బావ ఒంటరితనం మీద నా పాట

మార్చి 3
కంట్రీ రాక్ చరిత్రలో ముఖ్యమైన రోజు. పాట పూర్తయింది. నాయకుడు ట్రక్కు డ్రైవరు. ఎర్రమట్టి, తెగని రోడ్డు, తోడు లేని గుండె. నేను నడిపిన అతి పెద్ద వాహనం సూపర్‌మార్కెట్ ట్రాలీ — ప్రతిభకు అది అడ్డు కాదు. ముడిసరుకు బావ. ఇక్కడి కానింగ్ వేల్ యార్డు నుంచి ఉత్తరాన గనుల దాకా ట్రక్కు తోలతాడు, వెళ్తే వారం దాటాకే ఇంటికి. ఇంట్లోనే ఇంత విషాదం ఉండగా...

మార్చి 5
అక్కకి పాడి వినిపించాను. రెండో చరణంలో డ్రైవరు పులిహోర డబ్బా తెరిచి, పక్కన ఖాళీ సీటు చూసి ఏడుస్తాడు. అక్క కూడా ఏడ్చింది. కళ తన పని తాను చేసింది.

మార్చి 6
చెప్పని పనులు కూడా చేసింది. ట్రక్కు మానేయమని అక్క బావకి ఫోన్. ఇక్కడే గోడౌన్‌లో పగటి షిఫ్టు, తెలిసిన అంకుల్‌తో మాట్లాడేసిందట. పాపం ఎన్నాళ్లు దిగమింగాడో, అంటుంది.

మార్చి 9
బావ వచ్చాడు. పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద చికెన్ తిప్పుతూ నన్ను పిలిచాడు. అక్క ఫోన్‌లో వినిపించిన పాట బాగుందన్నాడు. పులిహోర తింటూ ఎవడూ ఏడవడన్నాడు. చికెన్ ఇంకోవైపుకి తిప్పాడు.
"నేను ఒంటరిగా ఉన్నానని నీకెవడు చెప్పాడ్రా?"
పాటలన్నీ అలాగే చెబుతాయన్నాను.
"నాకు హాయిగా ఉండేది ఆ క్యాబిన్‌లోనేరా. మీ అక్కతో అనకు."
అంటే ఇంట్లో...? అడగలేదు. చికెన్ మాడింది.

మార్చి 10
పరిశోధన. నా దగ్గరున్న డ్రైవరు పాటలన్నీ మళ్లీ విన్నాను. ఇంటి మీద బెంగ, భార్య మీద బెంగ, కుక్క మీద బెంగ. హాయిగా ఉన్నవాడు ఒక్కడూ లేడు. అసలు వీటిని రాసింది డ్రైవర్లా, బావమరుదులా?
ఇంకో చిక్కు. ఇంట్లో నోరు మెదపని మనిషి, దారిలో ఆగిన ప్రతిచోటి నుంచీ అక్కకి ఫోన్ చేసి తెగ కబుర్లు చెబుతాడు. ఇది ప్రేమా, కాదా? నా మాస్టర్స్‌లో ఈ పాఠం లేదు.

మార్చి 11
గోడౌన్ ఉద్యోగం ఖాయం. బావ సరే అన్నాడు. అక్క పాయసం. ఆయన రెండుసార్లు వేయించుకున్నాడు.

మార్చి 12
రేపు అప్పగించాల్సిన ట్రక్కుని బావ పొద్దుటే యార్డుకి వెళ్లి కడిగి వచ్చాడు. కడగడం ఆయన పని కాదు. అది అక్కకీ తెలుసు.
ఇప్పుడే నా గది గుమ్మంలోకి వచ్చింది.
"నిజం చెప్పు తమ్ముడూ. నీ పాటలో ఉన్నది మీ బావేనా?"
ఒక్క నిమిషం, ముఖ్యమైనది రాసుకుంటున్నా అన్నాను.
రాస్తున్నాను. అక్క ఇంకా అక్కడే ఉంది —