జూన్ పదిహేనో తేదీ మాకు కుదరదు

ప్రాంతీయ యువ నాటక శిక్షణ అధికారి గారికి, తెనాలి.

సూర్యలంక కాపురస్తుడు, బోటు ఇంజన్ల మెకానిక్కు, ఊరి నాటక సమాజానికి మేకప్ మనిషి, తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినవాడు, యాభై రెండేళ్ల కొక్కిలిగడ్డ బ్రహ్మాజీ వ్రాసుకొను అర్జీ.

విషయం: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత యువ నటీనటుల పది రోజుల శిక్షణ శిబిరం ఇప్పటికే మొదలైపోయినందున, దానిని తమరు ఆమోదించుట గురించి.

అయ్యా,

1. తమ నోటీసు ప్రకారం శిబిరం జూన్ పదిహేను నుండి ఇరవై నాలుగు వరకు, తెనాలిలో. ఏటా ఏప్రిల్ పదిహేను నుండి జూన్ పద్నాలుగు వరకు సముద్రంలో వేట నిషేధమని చెప్పింది ప్రభుత్వమే. ఆ రెండు నెలలూ బోట్లు ఒడ్డున ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం, నాటకాలు ఆడుకోవడం తప్ప మా కుర్రకారుకు వేరే పని ఉండదు. పదిహేనో తేదీ తెల్లవారుజామున బోట్లన్నీ వేటకు పోతాయి. చేప బాగా పడేది ఆ మొదటి పది రోజులే. అరవై ఒక్క రోజులు ఖాళీగా పడి ఉంటే వదిలేసి సరిగ్గా అరవై రెండో రోజును పట్టుకున్నారంటే తమ గురిని మెచ్చుకొనుచున్నాను.

2. మా అక్క మాణిక్యమ్మ కూతురు కరుణ మా సమాజంలో నాలుగేళ్లుగా వేషాలు వేస్తున్నది. బోట్లు ఒడ్డుకు రాగానే చేప ఏరి, వేలంపాటలో నిలబడి అమ్మి, మిగిలినది బాపట్ల మార్కెట్టుకు చేర్చవలసినది ఆమెయే. అక్కకు మోకాళ్లు పనిచేయవు. తమ ఏడో నిబంధన ప్రకారం ఒక్క రోజు రాకపోయినా పేరు కొట్టివేస్తారు. పోయిన ఏడు కూడా ఇదే తేదీ, ఇదే కారణం. తమ వయోపరిమితి ఇరవై అయిదు. ఆమెకు ఈ ఆగస్టుతో ఇరవై ఆరు వస్తాయి. కాబట్టి ఈ ఏడు కాకపోతే ఆమెకు శిక్షణ అనేది ఇక లేదు.

3. ఈ మాట చెప్పుకొనుటకు మేమిద్దరం ఏప్రిల్లో తమ ఆఫీసుకు వచ్చియున్నాము. తమరు మీటింగులో ఉన్నారు. తమ గుమాస్తా గారు టిఫిన్ చేస్తూనే విన్నారు. వినడంలో లోపం లేదు. విన్నాక అన్నారు: "పది రోజులు ఆగితే చేపలెక్కడికి పోతాయమ్మా?"

"చేపలు ఆగవండి. మీ తేదీ ఆగుద్ది గదండి," అంది కరుణ.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్లారు. గంట చూశాము. రాలేదు.

4. ఇక నా నేరం. కరుణ దరఖాస్తులో నా ఫోన్ నెంబరు ఉన్నందున, మూడు ఊళ్ల కళాకారులు ఒకరికొకరు పరిచయం కావాలని తమవారు పెట్టిన వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్చారు. ఎవరు చేశారో గాని అందులో అందరూ అడ్మిన్లే. మే పన్నెండున నేను ఇట్లు వ్రాసితిని: "శిబిరం మే ఇరవైకి మార్చడమైనది. స్థలం: సూర్యలంక తుఫాను షెల్టర్. మార్పు గమనించగలరు." తరువాత నాకు చాలా ఫోన్లు వచ్చాయి. ఒక్కటీ ఎత్తలేదు. దాంతో ఇది ఆఫీసు కబురేనని అందరూ నమ్మారు. తమ గుమాస్తా గారు గ్రూపును మ్యూట్‌లో పెట్టుకున్నట్టున్నారు, కిక్కురుమనలేదు.

5. ఇరవయ్యో తేదీన ముప్పై మందికి గాను ఇరవై ఏడుగురు సంచులతో దిగారు. శిబిరంలో వాచికం, అంటే మాట పలికే తీరు, నేర్పే గంగరత్నం గారు తెనాలి నుండి తన హార్మోనియంతో సహా వచ్చారు. కరుణకు అప్పటి దాకా ఏమీ తెలియదు. తెలిశాక నన్ను తిట్టిన తిట్లు అర్జీలో వ్రాయదగినవి కావు. నేను చూస్తుండగానే షెల్టర్ మెట్ల మీద నిలబడి వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఇది దొంగ కబురండి. మా మావయ్య చేసిన పని. నాలుగింటికి బస్సుంది. మీరు తిట్టినా తప్పులేదు."

తరువాత శ్రావ్య అనే రేపల్లె అమ్మాయి, పదిహేనుకు నువ్వెందుకు రాలేవక్కా అని అడిగింది. కరుణ చెప్పింది. పిట్టలవానిపాలెం కుర్రవాడు గౌతమ్, "మాకూ అప్పుడే నారుమళ్లండి. అడిగితే తీసేస్తారని నోరు మూసుకున్నా," అన్నాడు. గంగరత్నం గారు హార్మోనియం దించి, ముందు చాప ఎవరైనా వేస్తారా లేదా అన్నారు.

నాలుగింటి బస్సు ఖాళీగా పోయినది.

6. నేటికి శిక్షణ అయిదవ రోజు. భోజనం ఇంటికి ఇద్దరు చొప్పున పెడుతున్నాము. తమ నోటీసులో పెద్ద అక్షరాలతో వ్రాసిన పరస్పర పరిచయం ఇక్కడ ఎంత బాగా సాగుతున్నదంటే, తెనాలి పక్క నందివెలుగు వాళ్లకూ రేపల్లె వాళ్లకూ ఇప్పటికి రెండుసార్లు గొడవై రెండుసార్లు సర్దుబాటు కూడా అయినది.

7. కావున శిబిరమును ఆమోదించి, మే ఇరవై తొమ్మిది సాయంత్రం చివరి నాటకానికి విచ్చేసి, కరుణతో కలిపి ఇరవై ఎనిమిది మందికి సర్టిఫికెట్లు ఇవ్వవలెను. దయ చూపమని అడుగుట లేదు. శిక్షణ జరిగినది, కాగితం ఇమ్మని అడుగుచున్నాను. కేసు పెట్టదలిస్తే నా ఒక్కడి మీద పెట్టుకోండి. నేను ఎక్కడికీ పోను, జూన్ పద్నాలుగులోగా పదకొండు ఇంజన్లు విప్పి బిగించాలి.

చిత్తగించవలెను. చించిననూ నకలు నా వద్ద భద్రముగా ఉన్నది.

తమ విధేయుడు (ఈ ఒక్క విషయంలో తప్ప),
కొక్కిలిగడ్డ బ్రహ్మాజీ
సూర్యలంక, మే 24

తా.క. ఇరవై తొమ్మిదిన తమరు రాకపోతే సభ ఆగదు. తమరి ఫోటో నోటీసు మీదే ఉన్నది. మీసం, కళ్లజోడు, ఆ పక్కపాపిడి నాకు పావుగంట పని. అధికారి వేషం నేనే కట్టి, అందరి ముందూ సర్టిఫికెట్లు నేనే ఇస్తాను. నా సంతకానికి విలువ లేదని నాకు తెలుసు, జనానికీ తెలుసు. అయినా కరుణ పేరే ముందు పిలుస్తాను. ఆ పిల్ల వచ్చి అందుకుంటుంది. అసలు మనిషి ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే, మీటింగులో ఉన్నారని చెబుతాను.