ఒకే గుడిలో రెండు మొక్కులు

16 జనవరి 2025, గురువారం

సీజ్‌ఫైర్ అట. ఖతార్‌లో ఒప్పుకున్నారని పొద్దున్నే టీవీలో చెప్పారు. మా అత్త ద్వాళి, వాకిట్లో నిలబడి తండా అంతా వినేలా అరిచింది. యుద్ధం ఆగిందే, నా కొడుకొస్తడే అని. ఇంట్లో తీపి ఏదీ లేక బెల్లం ముక్కలు పంచింది.

మా ఆయన గణేశ్ ఇజ్రాయెల్ పోయి ఏడు నెలలు. సెంట్రింగ్ పని. హైదరాబాద్‌లో ట్రయల్ పెట్టి తీసుకున్నారు. ఆ పని ఇదివరకు పాలస్తీనా వాళ్ళు చేసేవారు. యుద్ధం మొదలయ్యాక వాళ్ళను రానివ్వడం మానేశారు. ఆ ఖాళీలోకి మావాళ్ళు పోయారు. గణేశ్ జాగాలో ముందు రాఫత్ అనే ఆయన ఉండేవాడట. మొదటి నెలంతా ఫోర్‌మన్ అలవాటు కొద్దీ ఈయన్ని కూడా రాఫత్ అనే పిలిచాడట. గణేశ్ నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం లేదు. యుద్ధం ఆగితే ఆళ్ళు మళ్ళ పనికొస్తరు, ఏప్రిల్ల మా రెన్యువల్ కాదంటున్నరు అన్నాడు. అమ్మకు చెప్పకు, పరేషాన్ అయితది అన్నాడు.

అంటే మళ్ళీ ఉప్పల్ అడ్డా మీద కూలీకి నిలబడడం. మా ఆడబిడ్డ అఖిల నర్సింగ్ రెండో ఏడులో ఆపేసి ఇంటికి రావడం. ఇందాక అత్త పెట్టిన ఇంకో బెల్లం ముక్క నోట్లో ఉంది. మింగలేదు, ఉమ్మలేదు.

19 జనవరి

సీజ్‌ఫైర్ మూడు గంటలు లేటు. విడిచిపెట్టే బందీల పేర్ల లిస్టు అందలేదట. మా ఊరి బస్సే నయం.

21 జనవరి

మామ మంగ్యా, మా తండాకు నాయక్. నలభై ఏళ్ళుగా పంచాయితీలు చేశాడు. చేను గట్లు, లేచిపోయిన పెళ్ళాలు, అన్నదమ్ముల కొట్లాటలు. ఇవాళ వార్తలు చూస్తూ నన్ను వరసగా ప్రశ్నలడిగాడు. ఇద్దరూ ఒక్కకాడ కూసున్నరా అన్నాడు. లేదు, వేర్వేరు గదులు, మధ్యవాళ్ళు అటూ ఇటూ తిరిగి మాట మోశారు అని చెప్పాను. ఒక్క చాప మీద కూసోకుంట పంచాయితి ఏందే అన్నాడు. ధరావతు ఎవరు పెట్టిన్రు అన్నాడు.

మా దగ్గర పంచాయితీ మొదలవక ముందే రెండు వైపుల వాళ్ళూ నాయక్ ముందు ధరావతు పెట్టాలి. మాట తప్పితే అది పోతుంది. అక్కడ ఎవరూ ఏమీ పెట్టలేదనుకుంటా అన్నాను. మామ టీవీ కట్టేసి, అయితె నిల్వదు అని తేల్చేసి, గొర్ల దగ్గరికి పోయాడు.

నిల్వదు అన్న మాట నాకు చల్లగా తగిలింది. ఇది ఎవరికీ చెప్పుకునేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

26 ఫిబ్రవరి, శివరాత్రి

రెండు బస్సులు మారి కురవి పోయాం, అత్తా నేనూ. జాతర. కాలు పెట్టే సందు లేదు. వీరభద్రస్వామి కోపం గల దేవుడని, ఆయన ముందు ఒక మాట అనుకుని ఇంకో మాట అనకూడదని దారి పొడుగునా అత్త చెబుతూనే ఉంది. నాకు తెలియనట్టు.

అత్త ముడుపు కట్టింది. పైకే చెప్పింది. యుద్ధం పూరగ ఆగాలె సామీ, నా తలనీలాలిస్త.

తర్వాత నేను కట్టాను. పసుపు బట్టలో రూపాయి బిళ్ళ. ముడి సరిగా పడలేదు, రెండోసారి వేశాను. ఆయన పని పోనివ్వకు స్వామీ అనుకున్నా. నేనూ నా జుట్టు ఇస్తానన్నా. యుద్ధం అన్న మాట వాడలేదు. దేవుడి దగ్గర కూడా తెలివి చూపించాను.

గుడి దగ్గరి ఒకే కొయ్యకు, పక్కపక్కన, అత్తదీ నాదీ.

18 మార్చి, మధ్యాహ్నం

మళ్ళీ మొదలైంది. తెల్లవారకముందే గాజా మీద బాంబులు వేశారు. నాలుగు వందల మందికి పైన పోయారంటున్నారు. పిల్లలు చాలా మంది.

గణేశ్ ఫోన్ చేశాడు. మేమున్న కాడ ఏం లేదు, మంచిగనే ఉన్నం, ఫోర్‌మన్ పిలిచి రెన్యువల్ పక్కా అన్నడు అని చెప్పాడు.

నాకు ముందు సంతోషం వేసింది. ఆ తర్వాతే పిల్లలు గుర్తొచ్చారు. ఈ వరస నేను మార్చి రాయను.

19 మార్చి

నా అంగన్‌వాడీ సెంటర్‌కు పోయాను. పద్నాలుగు మంది పిల్లలు. అందరికీ గుడ్లు పెట్టాను. ఎవరి మొహమూ చూడలేదు.

11 ఏప్రిల్

రెన్యువల్ అయింది. ఇంకో ఏడాది. అఖిల ఫోన్‌లో కేకలు పెట్టింది. మామ కూడా నవ్వాడు.

మొక్కు ఫలించింది. ఫలిస్తే తీర్చాలి. తీర్చడమంటే కురవి పోయి, తల వంచి, నువ్వు చేసిన పనికి ఇదిగో అని ఇవ్వడం. ఏ పనికి?

వచ్చే నెల పోతాలే అనుకున్నా.

30 మే

ఎండలు అని పోలేదు.

15 జూన్, ఉదయం 6

ఇరాన్ మిసైళ్ళు. గణేశ్ ఉన్న ఊరికి పక్క ఊళ్ళో బిల్డింగ్ కూలింది. షెల్టర్ నుంచి వాయిస్ మెసేజ్ పంపాడు. వెనక ఎవరో ఏడుస్తున్నారు, ఏ భాషో తెలియదు. సంగీతా నేను మంచిగనే ఉన్న, అమ్మకు ఫోన్ ఇయ్యకు, నా గొంతుల భయం గుర్తువడతది అన్నాడు.

మొక్కు తీర్చలేదు. అందుకే. నాకు వేరే ఏమీ తోచడం లేదు. చదువుకున్నదాన్ని, యాప్‌లో రిపోర్టులు కొట్టేదాన్ని, అయినా అందుకే.

15 జూన్, సాయంత్రం

పక్కింటి సక్రు బావ వచ్చి మామ దగ్గర కూర్చున్నాడు. పెద్ద దేశపోళ్ళు ఒక్క ఫోన్ కొడితె ఆగిపోతదంట గద, మరెందుకు కొట్టరు అన్నాడు. మామ చుట్ట ముట్టించుకుంటూ, కొట్టుకునేటోళ్ళకు కట్టెలు అమ్మినోడు పంచాయితి చెప్పొద్దు అనేది మా తాత కాలం నుంచి తండా కట్టు అన్నాడు.

24 జూన్

ఆగింది. ఆ ఇరాన్ యుద్ధం. ఇది కాదు. గణేశ్ పనికి పోయాడు.

వచ్చేయమని అడిగాను. ఒక్కసారే అడిగాను. అఖిల చదువు అయిపోనియ్ అన్నాడు. ఆ మాట కోసమే అడిగానా అని నా మీద నాకే అనుమానం.

23 ఆగస్టు, శనివారం

నెలాఖరు కొలతలు ముందే తీసేశాను. ఎత్తు, బరువు, చేతి చుట్టుకొలత. చేతికి చుట్టే టేపు మీద మూడు రంగులుంటాయి. ఆకుపచ్చ అయితే బాగున్నట్టు. పసుపు అయితే ఇంకో గుడ్డు, రోజూ కనిపెట్టుకుని ఉండాలి. ఎరుపు అయితే దవాఖానకు పంపాలి. మా సెంటర్‌లో ఎరుపు లేదు. ప్రేమ్‌సింగ్ మనవరాలు ఒక్కతే పసుపు. దాని వెంటపడి తినిపిస్తున్నా.

ఇంటికొచ్చి ఫోన్ చూశాను. గాజాలో కరువు వచ్చిందని ప్రకటించారట. కింద ఒక ఫొటో. ఒక పిల్ల చెయ్యి. దాని చుట్టూ అదే టేపు. అవే మూడు రంగులు. నా సంచిలో ఉన్నదే.

ఎరుపులో కూడా చివరికి వచ్చేసింది. ఎనిమిదేళ్ళుగా కొలుస్తున్నా, అంత సన్న చెయ్యి నేను చూడలేదు. ఆ టేపు చుట్టిన ఆవిడ వేళ్ళు కూడా ఫొటోలో పడ్డాయి. నాలాంటిదే అయి ఉంటుంది. చుట్టేటప్పుడు పిల్లకు నొప్పి పుట్టకుండా ఎట్లా పట్టుకోవాలో ఆమెకూ తెలుసు, బొటనవేలు కింద పెట్టింది.

ఎరుపు అయితే దవాఖానకు పంపాలి. ఆమె ఎక్కడికి పంపుతుంది?

నేనే చేశాననడం పిచ్చి. నా రూపాయి బిళ్ళకు బాంబులు పడవు. తెలుసు. కానీ నేను అడిగాను కదా. అడిగిన మాట అడిగినట్టే ఉంది.

అన్నం తినలేదు. తలనొప్పి అని చెప్పాను.

22 సెప్టెంబర్

పాలస్తీనాను దేశంగా గుర్తిస్తున్నామని ఇంకొన్ని దేశాలు చెప్పాయి. మామకు చదివి వినిపించాను. గుర్తువట్టినందుకు సంతోషమే గని, తిండి ఎప్పుడు పోతదంట అన్నాడు. అది రాయలేదు అన్నాను.

9 అక్టోబర్, గురువారం

ఒప్పందం. ఈసారి ఈజిప్టులో. ఈసారి నిజమేనంటున్నారు. పోయినసారీ అన్నారు.

అత్త బెల్లం పంచలేదు. దేవుడి మూలకు పోయి ఊరికే కూర్చుంది. గట్టిగనే ఆగిందానే అని నన్నడిగింది. ఆగిందంటున్నారు అత్తా అన్నాను. అయితె కురవి పోదాం పా అంది.

13 అక్టోబర్

బందీలు ఇళ్ళకు పోయారు. జైళ్ళ నుంచి పాలస్తీనా వాళ్ళూ ఇళ్ళకు పోయారు. రెండు వైపులా తల్లులు ఒకేలా ఏడ్చారు. చాలామంది దేశాధినేతలు వరసగా నిలబడి ఫొటో దిగారు. కొట్టుకున్న ఇద్దరూ ఆ ఫొటోలో లేరు. ఒక్క చాప లేదు, మామ చెప్పినట్టే.

గణేశ్‌ను అడిగాను, రాఫత్ వాళ్ళు తిరిగి వస్తారా అని. ఆళ్ళను ఇప్పట్ల రానియ్యరంట, ఆగినా ఆగకున్నా మా పనికి ఢోకా లేదంట, ఇంకా మనోళ్ళను తెస్తరంట అన్నాడు. ధైర్యం చెబుతున్నాననుకున్నాడు.

అంటే సీజ్‌ఫైర్ నిలిచినా ఆయన పని ఉండేదే. నా మొక్కు అక్కరే లేదు. ఊరికే అడిగాను.

19 అక్టోబర్, ఆదివారం

కురవి.

కల్యాణకట్టలో అత్త కూర్చుంది. పక్క పీట ఖాళీగా ఉంది. నేనూ కూర్చున్నా. నీకెందుకే, ముత్తైదువవు, లే అంది అత్త. నాకూ మొక్కుంది అన్నాను. ఆ మొక్కు నాదే గద, ఇద్దరి జుట్టెందుకు, నేనిస్తున్న గద అంది. నీది కాదు అన్నాను.

అప్పుడు చెప్పేశాను. మా లంబాడీ భాషలో చెప్పాను, కత్తి పట్టుకున్న ఆయనకు అర్థం కాకుండా. శివరాత్రి నాడు నీ ముడుపు పక్కన నేనేం కట్టానో, మార్చిలో నాకు ముందు ఏమనిపించిందో, పిల్ల చెయ్యి సంగతి. ఏడుపు వస్తే కదలకమ్మా తెగుతది అన్నాడాయన.

అత్త సగం గుండుతో నా వైపు తిరిగి అట్లాగే ఉండిపోయింది. తిడుతుందనుకున్నా. తిడితే బాగుండు.

మొక్కు తీర్చాను. దండం పెట్టేటప్పుడు థాంక్స్ చెప్పలేదు. తప్పయింది అన్నాను.

బస్సులో ఇద్దరం కొంగులు కప్పుకుని కూర్చున్నాం. మరిపెడ దాటాక అత్త మాట్లాడింది. నేను గూడ నా కొడుకు కోసమే యుద్ధం ఆగాలన్ననే, ఆడ సచ్చెటోళ్ళ కోసం నేను గూడ ఒక్క మాట అడగలె అంది. నా కొంగు కిందికి చెయ్యి పెట్టి గుండు తడిమి, చల్లగున్నది, గాలి తగలనియ్యకు అంది.

29 అక్టోబర్

రాత్రి మళ్ళీ బాంబులు వేశారట. నూరు మందికి పైన పోయారు. పొద్దునకల్లా సీజ్‌ఫైర్ మళ్ళీ అమల్లోకి వచ్చిందన్నారు.

సెంటర్‌లో పిల్లలు నా గుండు చూసి ఇంకా నవ్వుతున్నారు.

ఈసారి అక్కడి పిల్లల కోసమే, ఇంకెవరి కోసమూ కాదు అని చేతులు జోడించాను. ఏమిస్తానని చెప్పాలో తెలియక తల తడుముకున్నాను.