రెండో గేరు దాటేటప్పుడు

మంగళవారం

మూడు నెలలుగా ఆ కుదుపు నా డ్రైవింగ్ తప్పే అనుకున్నాను. మా ఆయన నడిపినన్నాళ్లూ ఈ పాత ఆటోమేటిక్ కారు ఒక్కసారి కూడా కుదపలేదు. ఆయన పోయాక నేను స్టీరింగ్ పట్టుకున్నప్పటి నుంచే, రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడల్లా వెనక ఎవరో గుద్దినట్టు ఉంటోంది.

ఇవాళ పటాన్‌చెరులో మెకానిక్ ఖాజా భాయ్‌కి చూపించాను. గేర్ ఆయిల్ కొలిచే కడ్డీ తీసి వాసన చూశాడు.

"మీ తప్పేం లేదమ్మా. ఆయిల్ మాడిపోయింది. ఈ బీమారి రెండేండ్ల సంది ఉన్నది, సారుకు ఎరికే. గేర్ బాక్స్ ఇప్పుదామంటే, 'మా ఇంట్ల ఆమె నడుము ఆపరేషన్ కానియ్యి, తర్వాత సూద్దాం' అన్నరు. గేరు మారే ముందు యాక్సిలరేటర్ మీంచి కాలు జెర లేపితే ఝట్కా తెల్వదు. గట్లనే నడిపిన్రు."

రెండేళ్లు. నేనేమో పక్క సీట్లో కూర్చుని, "ఆటోలు గూడ మనల్ని దాటిపోతున్నయ్, ఊకె కాలెందుకు తీస్తరు?" అని సాధించాను. ఆయన నవ్వేవారు. నేను నిద్రపోయేదాన్ని.

తిరిగి వస్తూ, ఇంద్రేశం మలుపు దాటాక నేనూ కాలు లేపి చూశాను. నాలుగుసార్లు కుదిపింది. ఐదోసారి గేరు మెత్తగా పడింది. నడుముకు ఏమీ తెలియలేదు. బండి పక్కకు ఆపి ఏడ్చాను.

శుక్రవారం బండి తెచ్చి వదలమన్నాడు ఖాజా భాయ్. బాగు చేస్తే కుదుపు పోతుంది. నా కోసం ఆయన కాలు లేచే చోటు కూడా దాంతోపాటే పోతుంది.

ఇంకో వారం ఆగమని చెప్పాలనుంది.